లెక్క తేల్చిన పిల్ల

ఆర్కన్‌సా అనే మాటకి రాతలో చివర ఎస్ ఉంటుంది, నోట్లో ఉండదు. ఈ గొడవ ఎటూ తేలక 1881లో శాసనసభ కూర్చుని, ఆ ఎస్ పలకకూడదని తీర్మానం చేసింది. ముప్పై రెండేళ్ళు బ్యాంకులో పద్దులు సరిచూసినదాన్ని. కాగితం మీద ఉన్నది మాటలో లేకపోతే నాకు మనసొప్పదు. ఏం చేస్తాం, మా అమ్మాయి కాపురం ఆ రాష్ట్రంలోనే, బెంటన్‌విల్‌లో. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కాబట్టి సాయంత్రం పార్కులో నడుస్తుంటే గుంటూరు మాటా వినిపిస్తుంది, కరీంనగర్ మాటా వినిపిస్తుంది. పిల్లల దగ్గరికి వెళ్ళినవాళ్ళని అందరూ నయాగరా చూశారా, న్యూయార్క్ చూశారా అని అడుగుతారు. నేను చూస్తానన్నది ఫోర్ట్ స్మిత్.

"అక్కడేముందమ్మా?" అంది మా అమ్మాయి.

"ఉరికంబం" అన్నాను.

మా అల్లుడు కాఫీ కప్పు కింద పెట్టేశాడు. పద్నాలుగేళ్ళ మనవరాలు బుజ్జి మాత్రం ఫోన్‌లోంచి తల పైకెత్తి, "అమ్మమ్మా, నేనూ వస్తా" అంది.

ఉరికంబం మీద నాకేమీ మోజు లేదు. ఒక నవల మీద ఉంది. చార్లెస్ పోర్టిస్ అనే ఆర్కన్‌సా రచయిత 1968లో రాసిన ‘ట్రూ గ్రిట్’. రిటైరయ్యాక చదివాను. మ్యాటీ రాస్ అని ఒక పిల్ల. వయసు పద్నాలుగు. యెల్ కౌంటీలో డార్డనెల్ అనే ఊరి దగ్గర, నది ఒడ్డున నాలుగువందల ఎనభై ఎకరాల లంకభూమి వాళ్ళది. తండ్రి గుర్రాలు కొనడానికి ఫోర్ట్ స్మిత్ వెళ్తే, వెంట వెళ్ళిన పనివాడే కాల్చి చంపి, గుర్రాన్నీ నూట యాభై డాలర్ల రొక్కాన్నీ రెండు బంగారు నాణేలనీ పట్టుకుపోతాడు. తల్లి దుఃఖంలో కుంగిపోతుంది. తమ్ముడూ చెల్లెలూ పసివాళ్ళు. శవాన్ని తెచ్చే పని మీద రైలెక్కిన ఈ పిల్ల, శవాన్ని ఇంటికి పంపించేసి తను ఆగిపోతుంది. హంతకుణ్ణి పట్టించకుండా ఊరు వెళ్ళనంటుంది.

ఇందులో చంపిందెవరన్నది రహస్యం కాదు, మొదటి పేజీలోనే చెప్పేస్తుంది. వాడెక్కడ దాక్కున్నాడు, ఎవరితో కలిశాడు అన్నదే వేట. తోడుకి ఒంటికన్ను మార్షల్ ఒకడు, పేరు రూస్టర్ కాగ్‌బర్న్. తాగుబోతు, లావుపాటి మనిషి. టెక్సాస్ నుంచి వచ్చిన డాబుసరి రేంజర్ ఇంకొకడు. ఇంతమంది చచ్చే కథకి అంత నవ్వు ఎక్కణ్ణించి వస్తుందంటే, చెప్పే పిల్ల ఒక్కసారి కూడా నవ్వదు కనక. శవాల గురించి ఎంత నిక్కచ్చిగా చెబుతుందో, గుర్రపు జీను ధర గురించీ అంతే నిక్కచ్చిగా చెబుతుంది.

మా కాలంలో అద్దె పుస్తకాల కొట్లో కొమ్మూరి సాంబశివరావు నవల దొరకడమంటే పండగ. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు, టెలిఫోన్ మోత. నాకు గుర్తున్నంతవరకూ ఆడవాళ్ళకి హత్యకి గురయ్యే పనో, అనుమానం రేపే పనో దక్కేది. కారు నడిపే పని యుగంధర్‌ది. సినిమాల్లో 1970లో కె.ఎస్.ఆర్. దాస్ విజయలలితని ‘రౌడీ రాణి’గా గుర్రమెక్కిస్తే ఊరంతా నోరెళ్ళబెట్టి చూశాం. అయితే ఆవిడది తుపాకీ ధైర్యం. మ్యాటీ ధైర్యం వేరే జాతిది. అది ఏ జాతిదో నాకు పుస్తకం చదువుతున్నప్పుడే లీలగా తెలిసింది, ఎందుకంటే ఆ జాతి మనిషి మా కుటుంబంలోనే ఉండేది.

*

అక్టోబరులో ఒక శనివారం బయలుదేరాం. మా అమ్మాయి స్టీరింగు ముందు, నేను పక్కన, బుజ్జి వెనక. దారిలో ఫేయెట్‌విల్ వచ్చింది. పోర్టిస్ కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చి ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే జర్నలిజం చదివాడు, 1958లో పట్టా పుచ్చుకున్నాడు. చదువుతూనే ఊరి పత్రికలో పనిచేశాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్ళు వార్తలు రాసి పంపేవారు. వాటిని దిద్దడం ఇతని పని. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎవరి తోటలో ఎంత పెద్ద టమాటా కాసింది, ఎవరు పోయారు, అన్నీ ఒకే గొంతుతో, ఒకే గాంభీర్యంతో. ఆ రాతల్లో ప్రాణమున్న మాటలన్నీ దిద్దుబాటులో కొట్టేయాల్సి వచ్చేదని, మ్యాటీ గొంతు అక్కణ్ణించే పుట్టి ఉంటుందని తర్వాతెప్పుడో ఆయనే చెప్పాడు. కొట్టేసిన మాటలు పదేళ్ళు దాచి, వడ్డీతో సహా నవల్లో జమ చేశాడన్నమాట.

ఇదే ఊళ్ళో జోన్ హెస్ అని మరో రచయిత్రి ఉండేది. ఆవిడ 1987 నుంచి మ్యాగడీ అనే ఊహల పల్లె మీద హాస్యం కలిపిన హత్యానవలలు వరసగా రాసింది. జనాభా 755. అంత చిన్న ఊరికి పోలీసు అధికారి ఒక ఆడది, పై అధికారి కంటే ఎక్కువగా ఆమెని సతాయించేది సొంత తల్లి. ఇది చెబితే డ్రైవింగ్ చేస్తున్న మా అమ్మాయి నాకేసి అదోలా చూసింది. బుజ్జి అందుకుంది. షీలా టర్నేజ్ రాసిన ‘త్రీ టైమ్స్ లక్కీ’ తను చదివిందట. నార్త్ కెరొలైనా పల్లెలో కాఫీ హోటల్లో పెరిగే మో అనే ఆరో తరగతి పిల్ల హత్య కేసు పరిశోధిస్తుంది. 2013లో న్యూబెరీ గౌరవం దక్కిన పుస్తకం.

"ఈ దక్షిణాది వాళ్ళ పిల్లలందరికీ నోరెక్కువేనా అమ్మమ్మా?"

"పెద్దవాళ్ళు నోరు మూసుకున్న చోట పిల్లలకి నోరెక్కువవుతుంది" అన్నాను. ఆ మాట నాది కాదు, అత్తయ్యది.

అత్తయ్య అంటే మా నాన్నగారి అక్క. కాపురం రేపల్లె దగ్గర పల్లెటూరు. మావయ్య ఉన్నట్టుండి పోయారు. అప్పటికి నలభై బస్తాల ధాన్యం తెనాలిలో ఒక మిల్లుకి తోలి ఉంది, డబ్బు రాలేదు. దినకార్యాలయ్యాక మిల్లాయన, "మీవారికి ఎప్పుడో ఇచ్చేశాం కదమ్మా" అని కబురు పెట్టాడు. ఇంట్లో మగవాళ్ళు సరే, పోయినాయన వచ్చి చెబుతాడా అని ఊరుకున్నారు. అత్తయ్య ఊరుకోలేదు. చేతిసంచీలో మావయ్య చిట్టా పుస్తకం, అటుకుల పొట్లం, రైల్లో దొంగలుంటారని పచ్చడి బండ వేసుకుని పాసింజరెక్కింది. మిల్లు అరుగు మీద పొద్దున ఎనిమిదింటికి కూర్చుంది, సాయంత్రం ఆరింటికి లేచింది. మధ్యలో పదిసార్లు అందట, "మా ప్లీడరు గారు దావా వెయ్యమంటున్నారు, నేనే పెద్దమనిషి తరహాగా ముందు మిమ్మల్ని అడుగుదామని వచ్చాను." డబ్బు తెచ్చింది. ఆ ప్లీడరు గారు ఆవిడ పెళ్ళికి ముందే స్వర్గస్థులయ్యారని మాకు తర్వాత తెలిసింది.

మేం పిల్లలం ఏళ్ళ తరబడి ఆ కథ నటించి నవ్వుకున్నాం. దిండుగలీబులో పచ్చడి బండ వేసుకుని నేనే అత్తయ్యని. ఆవిడ చూస్తే విసుక్కునేది, నవ్వేది కాదు. నవలలో మ్యాటీ గుర్రాల వ్యాపారి దగ్గర కూర్చుని, మా లాయర్ డాగెట్ గారు, లాయర్ డాగెట్ గారు అంటూ, కొన్న గుర్రాల్ని అతనికే తిరిగి అంటగట్టి, పోయిన గుర్రానికి పరిహారం కూడా గుంజి, మూడువందల డాలర్ల పైచిలుకు వసూలు చేసే ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మ్యాటీకి డాగెట్ గారు నిజంగానే ఉన్నాడు. అత్తయ్యకి ఆ మాత్రం ఆసరా కూడా లేదు.

*

ఫోర్ట్ స్మిత్ ఆర్కన్‌సా, పోటో నదులు కలిసే చోట 1817లో పెట్టిన సైనిక స్థావరం. ఆ తర్వాత కోర్టు ఊరయింది. నది దాటితే ఇండియన్ టెరిటరీ. ఇప్పటి ఓక్లహోమా. అక్కడి తెగల న్యాయస్థానాలకి బయటివాళ్ళ మీద అధికారం లేదు. అందుకని నేరం చేసినవాడల్లా ఆ గట్టుకి పోయేవాడు. ఆ 74,000 చదరపు మైళ్ళ మీద అధికారం ఈ గట్టున ఉన్న ఒక్క న్యాయమూర్తిది. ఐజాక్ పార్కర్. 1875 నుంచి 1896 దాకా ఆ కుర్చీలో కూర్చుని 160 మందికి మరణశిక్ష వేశాడు. వాళ్ళలో 79 మందిని ఉరితీశారు. నవలలో రూస్టర్ ఈ పార్కర్ దగ్గరి మనిషే.

ఎర్ర ఇటుకల భవనం. కింద నేలమాళిగలో పాత జైలు. పైన కోర్టు హాలు, నాటి తీరులోనే తీర్చిదిద్దారు. జైలు గది తలుపులో నిలబడితే, మా పాత బ్రాంచిలో స్ట్రాంగ్‌రూమ్ చల్లదనం గుర్తొచ్చింది. తేడా ఏమంటే అక్కడ డబ్బు సుఖంగా ఉండేది.

నన్ను కట్టిపడేసింది మాత్రం మార్షళ్ళ జీతాల సంగతి. నెలజీతం లేదు. ముద్దాయిని పట్టి తెస్తే ఇంత, వారంటు పట్టుకుని వెళ్ళిన దూరానికి మైలుకి ఆరు సెంట్లు. ముద్దాయి దారిలో చస్తే రుసుము దక్కదు సరికదా, పాతిపెట్టే ఖర్చు కూడా మార్షల్ నెత్తినే పడేది. ప్రతి దానికీ బిల్లు, రసీదు. రూస్టర్ తుపాకీకి భయపడడు కాని ఆ బిల్లుల కాగితాల ముందు వణుకుతాడు. నేను ఎంతోమంది ఆడిటర్లని చూశాను కనక, ఆ భయం కల్పన కాదని సాక్ష్యం చెప్పగలను.

ఆవరణలో ఉరికంబం ఉంది. అసలుది కాదు, అదే కొలతలతో తిరిగి కట్టింది. తెల్ల సున్నం వేసిన మెట్లు, పైన కప్పు. మ్యాటీ ఈ ఊళ్ళో దిగిన రోజునే ముగ్గురి ఉరి జరుగుతుంది, గుంపులో నిలబడి చూస్తుంది. బుజ్జి ఆ మెట్ల ముందు నిలబడి, "పద్నాలుగేళ్ళ పిల్లని ఎవరూ ఇంటికి పొమ్మనలేదా?" అని అడిగింది. ప్రతివాళ్ళూ పొమ్మన్నారు, అదే కథ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నన్ను కూడా ప్రతివాళ్ళూ అంటారు" అంది ఇంగ్లీషులో.

భవనం వెనక నది. ఒడ్డున ఒక చోట ‘ట్రెయిల్ ఆఫ్ టియర్స్’ గురించి పలకలు పెట్టారు. చెరోకీ, చోక్టా, ఇంకా ఎన్నో తెగల్ని 1830లలో తూర్పున ఉన్న సొంత భూముల నుంచి వెళ్ళగొట్టి ఈ నీళ్ళు దాటించారు. అంటే మ్యాటీ సాహసం చేసే నేల, అంతకు ముందు తరంలో ఇంకొకరి వలస శిబిరం. ఈ సంగతి ఆమెకి పెద్దగా పట్టదు. రూస్టర్ అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన దోపిడీ దళంతో తిరిగినవాడు, దాన్ని కూడా వెనకేసుకొస్తాడు. పోర్టిస్ వాళ్ళని దిద్దలేదు. పల్లె విలేకరుల మాటలు కొట్టేసి ఒకసారి బాధపడ్డవాడు కదా, ఈసారి ఎలా ఉన్నవాళ్ళని అలా ఉంచేశాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా పంటికింద రాయిలా తగిలేది ఆ ముక్కలే.

ఊరి నడిబొడ్డున పెండర్‌గ్రాఫ్ట్ పార్కులో గుర్రం మీద కంచు విగ్రహం చూశాం. బాస్ రీవ్స్. బానిసగా పుట్టి, పార్కర్ కోర్టులో డెప్యూటీ మార్షల్ అయిన నల్లజాతి మనిషి. చదువు రాదు, వారంటులన్నీ ఎవరిచేతనైనా చదివించుకుని కంఠతా పట్టేవాడట. విగ్రహం పెట్టింది 2012లో. అసలైన చేవగల మనిషికి ఊరు నూరేళ్ళు బాకీ పడిందని మనసులో రాసుకున్నాను.

నది అవతల దక్షిణంగా వైండింగ్ స్టెయిర్ కొండలు. నవలలో చివరి పోరాటం అక్కడే. మ్యాటీ తుపాకీ పేల్చి, ఆ తాకిడికే వెనక్కి పడి పాముల గోతిలో ఇరుక్కుంటుంది, పాముకాటుకి ఎడమచెయ్యి పోగొట్టుకుంటుంది. రెండు సినిమాలూ ఈ ప్రాంతానికి రాలేదు. జాన్ వేన్‌కి ఆస్కార్ తెచ్చిన 1969 సినిమా ఎక్కువగా కొలరాడో కొండల్లో తీశారు. కోయెన్ సోదరుల 2010 సినిమా న్యూ మెక్సికోలో, టెక్సాస్‌లో. పది ఆస్కార్లకి నామినేట్ అయి ఒక్కటీ తెచ్చుకోలేదు. కొండల దాకా వెళ్దామా అని మా అమ్మాయి అడిగింది. ఇంకా గిలకపాములు తిరుగుతాయని తెలిశాక, నాకు ఆసక్తి ఉంది కాని అంత చేవ లేదని నిజాయితీగా ఒప్పుకున్నాను.

*

ఈ ‘చేవ’ దగ్గరికే వస్తున్నాను. మర్నాడు పొద్దున ఫలహారానికి ఒక హోటల్లో కూర్చున్నాం. శాకాహారం ఏముందంటే వడ్డించే ఆవిడ, "హనీ, బెండకాయ వేపుడు ఉంది, గ్రిట్స్ ఉన్నాయి" అంది. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ వెన్నతో ఉడికించిన జావ. తిరగమోత మరిచిపోయిన ఉప్మా అనుకోండి. బుజ్జి నవ్వు ఆపుకోలేక, "ట్రూ గ్రిట్ అంటే అసలైన ఉప్మా రవ్వా అమ్మమ్మా?" అంది.

వేళాకోళమే అయినా మాట నిజం. గ్రిట్ అంటే ముందు ఇసకపలుకు, గరుకు. తర్వాత గుండె గట్టితనం. దీన్ని తెలుగులో ధైర్యం అంటే చాలదు, సాహసం అంటే ఎక్కువవుతుంది. చేవ అనాలి. పైన బెరడు, మధ్య మెత్తటి కొయ్య, లోపల ఏళ్ళు గడిచిన కొద్దీ గట్టిపడే నల్లటి భాగం. చెదలు ముట్టదు. "మరి పద్నాలుగేళ్ళకే ఎలా వస్తుంది?" అంది బుజ్జి. నా దగ్గర జవాబు లేదు.

ఇరవై రెండో నంబరు రోడ్డు పట్టుకుని తూర్పుకి వెళ్ళాం. ఆకులు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. గడ్డి మోపులు గుండ్రంగా చుట్టి పడేసిన పొలాలు, మైలుకో చర్చి. దారిలో పారిస్ అనే ఊరు. దానికి తగ్గట్టు ఒక పొట్టి ఐఫిల్ టవరు. తర్వాత సుబియాకోలో 1878 నాటి బెనెడిక్టైన్ మఠం, రాతి గోడలతో ఠీవిగా. కుడివైపు మ్యాగజీన్ కొండ, ఈ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎత్తయినది.

ఒక ఊళ్ళో పాత సామాను కొట్టు దగ్గర ఆగాం. ఇనప పెనాలు, గాజు సీసాలు, చెక్క కుర్చీలు. ఒక మూల అట్ట ఊడిన పద్దు పుస్తకం కనిపించింది. ఎర్ర గీతలు, జమ, ఖర్చు గడులు. మొదట్లో ఎవరో గుండ్రటి చేతిరాతతో గుడ్లు ఎన్ని అమ్మారో, కిరసనాయిలుకి ఎంత పోశారో రాసుకున్నారు. వెల పన్నెండు డాలర్లు. నేను పట్టుకుని వదలకపోవడం బుజ్జి చూసింది.

"ఇక్కడ బేరాలు ఆడరమ్మా, పరువు పోతుంది" అంది మా అమ్మాయి.

బుజ్జి అప్పటికే కొట్టావిడ ముందు నిలబడింది. పుస్తకం పేజీలు లెక్కపెట్టింది. సగం రాసేసినవి, సగం ఖాళీవి. రాసినవి వేరే వాళ్ళ సొంత విషయాలు కనక వాటికి మేం డబ్బివ్వకూడదు, కాబట్టి ఆరు డాలర్లు అంది. ఆవిడ, రాసినవే ఎక్కువ విలువైనవి తల్లీ అంది. అయితే అవి మీరు ఉంచుకుని ఖాళీవి మాకు చింపి ఇవ్వండి అంది బుజ్జి, ముఖంలో ఒక్క గీత కదలకుండా. కొట్టావిడ పగలబడి నవ్వింది. ఏడు డాలర్లకి తేలింది. బుజ్జి నవ్వలేదు. రసీదు అడిగింది. మా అమ్మాయి కారులో తలదాచుకుంది.

అప్పుడు చూశాను ఆ ముఖం. మా నాన్నగారి అక్కది.

*

మధ్యాహ్నానికి డార్డనెల్ చేరాం. యెల్ కౌంటీకి రెండు ముఖ్యపట్టణాలు, ఇదొకటి, డాన్‌విల్ ఇంకొకటి. నది మీద ఆనకట్ట, దాని వెనక సరస్సు, అవతల రస్సెల్‌విల్ వైపు అణువిద్యుత్ కేంద్రం చల్లార్పు గోపురం నుంచి ఆవిరి. ఈ గట్టున చదునైన నల్లటి పల్లపు నేల. ఆ నాలుగువందల ఎనభై ఎకరాలు ఇందులో ఏవై ఉంటాయా అని కాసేపు వెతుక్కున్నాను. కల్పన అని తెలిసీ గట్లు కొలవడం బ్యాంకు జబ్బు.

శ్మశానానికి వెళ్ళాలన్నది బుజ్జి పంతం. నవల చివర్లో పాతికేళ్ళు గడుస్తాయి. రూస్టర్ ఒక గుర్రాల ప్రదర్శనతో మెంఫిస్ వస్తున్నాడని తెలిసి మ్యాటీ రైలెక్కి వెళ్తుంది. కొద్ది రోజుల ముందే పోయాడని అక్కడ తెలుస్తుంది. శవాన్ని తవ్వించి తెప్పించి, డార్డనెల్‌లో తమ కుటుంబం స్థలంలో పాతిస్తుంది. పెళ్ళి చేసుకోదు. బ్యాంకు నడుపుతుంది. ఊళ్ళో అందరూ చెవులు కొరుక్కుంటారు, ముసలి కన్నె, డబ్బు మనిషి, మొండిది అని. అదీ తనే చెబుతుంది, నవ్వకుండా.

గడ్డి కోస్తున్న ఒక పెద్దమనిషిని బుజ్జి అడిగింది, మ్యాటీ రాస్ సమాధి ఎక్కడని. ఆయన యంత్రం ఆపి, టోపీ వెనక్కి నెట్టి, తీరిగ్గా ఆలోచించాడు.

"ఇక్కడ లేదమ్మా. ఇప్పటి ధరకి ఇక్కడ స్థలం కొనే మనిషి కాదు ఆవిడ."

మళ్ళీ యంత్రం నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనా నవ్వలేదు. ఈ ప్రాంతంలో హాస్యం ఇలాగే ఉంటుంది కాబోలు, చెప్పినవాడు వెళ్ళిపోయాక మనం లెక్క చూసుకోవాలి.

అత్తయ్యని కూడా ఊళ్ళో డబ్బు మనిషనే అన్నారు. ఆ నలభై బస్తాల డబ్బుతోనే మా నాన్నగారికి ఇంటర్ ఫీజు కట్టిందని, ఆయన చదువుతో నేను బ్యాంకు పరీక్ష రాశానని నేను ఎవరికీ చెప్పలేదు. దిండుగలీబు నాటకం మాత్రం కనపడ్డవాళ్ళందరికీ ఆడి చూపించాను. ఆవిడ పోయినప్పుడు ఆడిట్ జరుగుతోందని ఒకరోజు ఆలస్యంగా వెళ్ళాను.

తిరుగుదారిలో చీకటి పడింది. బుజ్జి వెనక సీట్లో పద్దు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఖాళీ పేజీలు మళ్ళీ లెక్కపెడుతోంది. "అమ్మమ్మా, దీంట్లో ఏం రాస్తావు?" అంది.

ఇంటికొచ్చాక రాశాను. ఎడమ గడిలో: రేపల్లె, ధాన్యం నలభై బస్తాలు, అత్తయ్య ఖాతా. కుడి గడిలో: మిల్లు వద్ద వసూలు. దాని కింద ఇంకో వరసలో, పచ్చడి బండ ఒకటి, అని రాసి ఆగాను. అది జమలో వెయ్యాలా, ఖర్చులో వెయ్యాలా తెలియలేదు. బుజ్జి నా భుజం మీంచి చూసి, ఏమాత్రం నవ్వకుండా చెప్పింది.

"ఆస్తుల్లో వెయ్యి."